ఏడో అవెన్యూలో తొలి జీతం

పొద్దున ఎనిమిదిన్నర. న్యూయార్క్ పెన్ స్టేషన్ మెట్లెక్కి పైకొస్తే ఎదురయ్యేది ఏడో అవెన్యూ. న్యూజెర్సీలోని ఎడిసన్‌లో రైలెక్కిన సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు ల్యాప్‌టాప్ సంచులతో తలో దిక్కూ వెళ్లిపోతారు. వాళ్లలో తెలుగువాళ్లూ తక్కువేం కాదు. అదే గుంపులోంచి చంకలో పెద్ద ఫోల్డరు, చేతిలో గుడ్డముక్కల సంచీతో ఉత్తరం వైపు నడిచే కుర్రకారు వేరే ఉంటారు. వాళ్లది ఫ్యాషన్ లోకం. వీధి పేరు పలకల మీద 'ఫ్యాషన్ అవెన్యూ' అని కూడా రాసి ఉంటుంది. 1972 నుంచీ ఈ రోడ్డుకు అది ముద్దుపేరు.

34వ వీధి నుంచి 42వ వీధి దాకా ఉన్న ఈ పేటే గార్మెంట్ డిస్ట్రిక్ట్. 39వ వీధి మూలకొస్తే ఆకాశంలోకి చూసే పెద్ద సూది, దానికో గుండీ. ఆ దగ్గర్లోనే కుట్టుమిషను మీద వంగిన ఓ ముసలాయన కంచు విగ్రహం. జూడిత్ వెల్లర్ అనే శిల్పి 1984లో చేసిన ఈ విగ్రహానికి నమూనా ఆమె తండ్రే. ఆయనా ఓ దర్జీ. కాలిబాట మీదేమో పేరుమోసిన డిజైనర్ల కంచు పలకలు. వాటిలో రాల్ఫ్ లారెన్ పేరూ ఉంది. 1967లో ఆయన మొదలుపెట్టింది మెడకు కట్టుకునే టైలతోనే! ఈ పేటకు కొత్తగా వచ్చిన ప్రతి కుర్రాడూ కుర్రదీ ఆ పలకల దగ్గర ఒక్క క్షణమైనా ఆగుతారు. ముసలాయన దగ్గర ఆగేది మాత్రం ఫొటోలు తీసుకునే టూరిస్టులే.

సికింద్రాబాద్ జనరల్ బజార్‌లో తిరిగినవాళ్లకు 38వ వీధి కొత్తగా అనిపించదు. లేసులు, జిప్పులు, గుండీలు, పూసలు... గుమ్మం దాకా పేర్చిన డబ్బాలు. కుట్టే ఫ్యాక్టరీలు మాత్రం చాలావరకు మాయమయ్యాయి. 1960 ప్రాంతంలో అమెరికన్లు వేసుకునే బట్టల్లో నూటికి 95 వంతులు ఆ దేశంలో కుట్టినవే. ఇప్పుడు రెండు మూడు వంతులకు మించవు. మిగిలినవి బంగ్లాదేశ్, వియత్నాం, మన తిరుప్పూరు లాంటి చోట్ల నుంచి ఓడలెక్కి వస్తాయి. న్యూయార్క్‌లో మిగిలింది డిజైన్, శాంపిల్, బేరం.

27వ వీధిలో ఉన్న ఫ్యాషన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ ఈ పేటకు పుట్టిల్లు లాంటిది. 1944లో పెట్టారు. కాల్విన్ క్లెయిన్ ఇక్కడ చదివినవాడే. మనకూ దీనికీ ఓ చుట్టరికం ఉంది. 1986లో ఢిల్లీలో మన నిఫ్ట్ మొదలైంది ఈ కాలేజీ సహకారంతోనే. ఆ నిఫ్ట్ కొమ్మే 1995లో హైదరాబాద్‌కు వచ్చి, మాదాపూర్‌లో నిలబడింది. ఇది ప్రభుత్వ కాలేజీ గనుక ఫీజు కొంత నయం. డోనా కరన్, మార్క్ జేకబ్స్ చదివిన పార్సన్స్‌లో అయితే ఏడాదికి 50 వేల డాలర్లు దాటుతుంది.

మరి అంత పోసి చదివాక చేతికొచ్చేదెంత?

ఈ ప్రశ్నకు జవాబు ఒకప్పుడు గుసగుసగానే దొరికేది. 2022 నవంబరు 1 నుంచి న్యూయార్క్ నగరంలో చట్టం మారింది. ఉద్యోగ ప్రకటనలోనే జీతం కనీసం ఇంత, గరిష్ఠం ఇంత అని వేయాలి. అసిస్టెంట్ డిజైనర్ కొలువుకు 45 వేల నుంచి 60 వేల డాలర్ల మధ్య కనిపించడం మామూలు. కొత్తవాళ్లు చూసుకోవాల్సింది ఎడమ చేతి వైపు అంకెనే! అంతకు ముందు తరానికి ఆ అంకె కూడా లేదు. జీతం లేని ఇంటర్న్‌షిప్‌లు చేసి కాఫీలు మోసినవాళ్లు 2012, 2013లలో కోర్టుకెక్కాకే కంపెనీలు కాస్త దారికొచ్చాయి.

50 వేల డాలర్లంటే మన లెక్కలో నలభై లక్షలు దాటుతుంది. ఊళ్లో చెబితే నోరు తెరుస్తారు. ఫెడరల్, రాష్ట్ర, నగర పన్నులన్నీ పోగా నెలకు చేతికొచ్చేది సుమారు 3,200 డాలర్లు. ఇక్కడ ఇంటివాళ్ల లెక్క ఇంకోటి: నెల అద్దెకు నలభై రెట్లు ఏడాది జీతం ఉంటేనే తాళం చెవి ఇస్తారు. అంటే 50 వేల జీతానికి 1,250 డాలర్ల ఇల్లు. మాన్‌హటన్‌లో ఒంటిగదికే మూడు వేలు పైమాట. అందుకే ముగ్గురు నలుగురు కలిసి క్వీన్స్‌లోనో, నదికి అవతల జెర్సీ సిటీలోనో ఉంటారు. 2026లో నగరంలో కనీస వేతనం గంటకు 17 డాలర్లు. ఏడాదంతా చేస్తే 35 వేలు. నాలుగేళ్ల డిగ్రీకి, దుకాణం కౌంటరుకు మధ్య దూరం అంతే.

పనీ ఊహించినట్టు ఉండదు. కొత్తవాళ్లు గౌన్లు గీయరు. ఫ్యాక్టరీకి పంపే కొలతల పట్టికలు నింపుతారు. కాలరు అరంగుళం ఎందుకు తగ్గిందో ఢాకాకు మెయిల్ రాస్తారు. పేరు తక్కువైనా, ఏ దుకాణానికి ఎన్ని చొక్కాలు పంపాలో లెక్కగట్టే ప్లానింగ్, మర్చండైజింగ్ వైపు జీతాలు తరచూ మెరుగు. అమ్మానాన్నలకు ఈ ముక్క ముందే తెలిస్తే మంచిది. ఫ్రీలాన్స్ అని గంటల లెక్కన పిలిస్తే అంకె పెద్దదే గానీ, ఆరోగ్య బీమా మన నెత్తినే.

మనవాళ్లకు మరో ముడి వీసా. చదువయ్యాక పని చేసుకోవడానికి ఏడాది గడువు. ఇంజినీరింగ్ పిల్లలకు దొరికే అదనపు రెండేళ్లు డిజైన్ డిగ్రీకి సాధారణంగా రావు. ఆలోపు హెచ్-1బి లాటరీ తగలాలి. పై స్థాయి జీతాలకు ఎక్కువ అవకాశమిచ్చేలా ఆ లాటరీనీ 2025 చివర్లో మార్చారు. తొలి మెట్టు జీతం ఇక్కడ రెండోసారి కాలికి తగులుతుంది. చిత్రమేమిటంటే, ఫ్యాషన్ మోడళ్లకు అదే వీసాలో చట్టమే విడిగా ఓ చోటిచ్చింది. బట్ట వేసుకునేవాళ్లకున్న ఆ గది కుట్టించేవాళ్లకు లేదు.

సాయంత్రం ఆరు దాటాక 38వ వీధి దుకాణాల షట్టర్లు ఒక్కొక్కటే దిగుతుంటాయి. రేపటి శాంపిల్‌కు ఆరంగుళాల ఇత్తడి జిప్పు కావాలంటూ అసిస్టెంట్లు చివరి నిమిషంలో పరుగున వస్తారు. రసీదు జాగ్రత్తగా పర్సులో పెట్టుకుంటారు, ఆఫీసులో డబ్బు వెనక్కి ఇస్తారు గనుక. అక్కడి నుంచి 33వ వీధి స్టేషన్‌కు నడక, జర్నల్ స్క్వేర్ రైలు. దిగిన చోట నెవార్క్ అవెన్యూలో ఇండియన్ కొట్లు ఇంకా తెరిచే ఉంటాయి. కందిపప్పు, కరివేపాకు, నలుగురు పంచుకునే వంట.