తెర మీద లేని బెజవాడ

విజయవాడ బందరు రోడ్డులో బాపు మ్యూజియం గేటు దాటితే హారన్ల మోత కాస్త వెనకబడుతుంది. విక్టోరియా రాణి స్వర్ణోత్సవాల పేరిట 1887లో పునాది పడిన భవనమిది. ఆమె సామ్రాజ్యానికి ఎసరు పెట్టిన సభా ఇక్కడే అంటారు!

1921 మార్చి 31, ఏప్రిల్ 1... బెజవాడలో అఖిల భారత కాంగ్రెస్ కమిటీ సమావేశం. తిలక్ స్వరాజ్య నిధికి కోటి రూపాయలు, కోటి మంది సభ్యులు, 20 లక్షల రాట్నాలు కావాలని తీర్మానించారు. భట్లపెనుమర్రులో పుట్టిన పింగళి వెంకయ్య ఎరుపు, ఆకుపచ్చ రంగుల జెండాను గాంధీజీకి అందించిందీ అప్పుడే. తెలుపు కూడా చేర్చమన్నది గాంధీజీ.

2022 ఆగస్టులో, వజ్రోత్సవాల వేళ, తెలంగాణ ప్రభుత్వం 552 థియేటర్లలో అటెన్‌బరో 'గాంధీ'ని విద్యార్థులకు ఉచితంగా చూపించింది. మంచి పనే. మూడు గంటలకు పైగా సాగే ఆ 1982 నాటి సినిమాలో చంపారన్ ఉంది, జలియన్‌వాలాబాగ్ ఉంది, దండి ఉంది. బెజవాడ లేదు. పింగళి ఊసే లేదు.

సినిమాతో ఈ నేలకు చుట్టరికం లేదా అంటే, బోలెడంత! ఊళ్లో మారుతీ సినిమా హాలు వెలిసిందీ 1921లోనే. కృష్ణా జిల్లా వాడైన గూడవల్లి రామబ్రహ్మం 1939లో 'రైతుబిడ్డ' తీస్తే జమీందార్లు భగ్గుమన్నారు, బ్రిటిష్ సర్కారు నిషేధించింది.

ఆగస్టు 15కి బళ్లో 'గాంధీ' వేసేవాళ్లు ముందురోజు పిల్లల్ని ఓసారి బందరు రోడ్డుకు తీసుకొస్తే సరి. సినిమా అయ్యి లైట్లు వెలగ్గానే ఎవరో ఒకరు అడిగి తీరతారు... మన జెండా సీనేది మాస్టారూ?