లోపల చప్పట్లు, బయట ప్రశ్నలు



చాలా ఏళ్లుగా హాస్టళ్లకూ పేటలకూ మీటింగులకు తిరుగుతున్నాను. చివర్లో "ఎవరైనా ఏమైనా అడుగుతారా?" అంటే అందరూ తలలు దించుకుంటారు. చప్పట్లు కొడతారు, ఫోటో దిగుతారు. బయట టీ కొట్టు దగ్గర అసలు మీటింగు మొదలవుతుంది. "అన్నా, మా ఊళ్లో అసైన్డ్ భూమి సంగతి మీరు చెప్పినట్టు లేదు." "అన్నా, ఆ ఒక్క మాట నేనొప్పుకోను." ఒరేయ్, ఇదే లోపల చెప్తే వందమంది వినేవాళ్లు కదరా! ఆడపిల్లలైతే టీ కొట్టు దాకా కూడా రారు. వాళ్ల ప్రశ్న వాళ్లతోనే హాస్టలుకు వెళ్లిపోతుంది.

వీళ్లకు ధైర్యం లేదని నేననను. డిగ్రీలో ఎకనామిక్స్ క్లాసులో ఒకసారి లేచి నిలబడ్డాను. పంట ధర పెరిగినప్పుడు కూలి రేటు ఎందుకు పెరగదు సార్ అని అడిగాను. మా అమ్మ కూలికి పోయేది, అందుకే అడిగాను. లెక్చరర్ గారు జవాబు చెప్పలేదు. "నీకు స్కాలర్‌షిప్ వచ్చిందారా?" అన్నారు. క్లాసంతా నవ్వింది. ఆ ఏడాదంతా ఆ క్లాసులో నా నోరు లేవలేదు.

ఇది నవ్వుతో పోయింది. కారంచేడులో నవ్వుతో పోలేదు. మాదిగవాడ తాగే నీళ్ల చెరువును పాడుచేయొద్దని అడ్డుచెప్పడం దగ్గర మొదలై, 1985 జులై 17న ఆరుగురి ప్రాణాలు పోయేదాకా వెళ్లింది. అడ్డుచెబితే ఏమవుతుందో మన ఇళ్లలో చెప్పకుండానే తెలుసు. "మనకెందుకురా" అనే అమ్మ పిరికిది కాదు, లెక్క తెలిసిన మనిషి.

కానీ మన మధ్య మనం కూర్చున్నప్పుడు కూడా అదే మౌనం ఎందుకు? నన్ను కుదురుగా ఉండనివ్వనిది ఇదే.

బాబాసాహెబ్ 1920లో మొదలుపెట్టిన పత్రిక పేరే మూక్‌నాయక్, మూగవాళ్ల నాయకుడు. 'కుల నిర్మూలన' సంగతి చూడండి. లాహోర్‌లోని జాత్-పాత్ తోడక్ మండల్ 1936లో జరగాల్సిన తమ సభకు అధ్యక్షుడిగా రమ్మని ఆయన్ని పిలిచింది. ముందే ప్రసంగం చదివి, కొన్ని మాటలు తీసేయమంది. ఆయన కామా కూడా మార్చనన్నాడు. సభే రద్దయింది. ఆయన ప్రసంగాన్ని సొంత ఖర్చుతో పుస్తకంగా వేశాడు. మండల్‌తో నడిచిన ఉత్తరాలు కూడా అందులోనే పెట్టాడు. 1,500 కాపీలు రెండు నెలల్లో అయిపోయాయి. గాంధీ తన హరిజన్ పత్రికలో దాన్ని విమర్శించాడు (ఎనిమిదణాల ధర ఎక్కువైంది, తగ్గించమని కూడా రాశాడు!). 1937లో రెండో ముద్రణ వచ్చినప్పుడు అంబేద్కర్ ఏం చేశాడు? గాంధీ విమర్శను తన పుస్తకం వెనకే అచ్చువేసి, దాని పక్కన తన జవాబు పెట్టాడు. తనతో విభేదించినవాణ్ని తన పుస్తకంలోనే కూర్చోబెట్టాడు. ఆ పుస్తకాన్ని మనం దండేసి పూజిస్తున్నాం గానీ, ఈ పద్ధతి నేర్చుకోలేదు. మన సభల్లో ఎవరైనా లేచి "అది కాదన్నా" అంటే, పక్కవాడు చొక్కా పట్టి కూర్చోబెడతాడు.

అందుకే కొన్నాళ్లుగా చిన్న పని చేస్తున్నాను. టీ చివర్లో కాకుండా మధ్యలో, హాల్లోనే ఇప్పిస్తున్నాను. తెల్ల చీటీలు పంచుతున్నాను. పేరు అక్కర్లేదు. అచ్చుతప్పులు పట్టించుకోను. మొదట్లో "సూపర్ అన్నా" అని వచ్చేవి. వాటితో నేనేం చేసుకోను? ఒకసారి మాత్రం ఒక చీటీ వచ్చింది: "మీరు గంటంబావు మాట్లాడారు, మా అమ్మల పని గురించి ఒక్క మాట లేదు." రాసిందెవరో తెలీదు. మిగతా మీటింగంతా ఆ చీటీ మీదే నడిచింది. చేతులు ఎత్తినవాళ్లలో ఎక్కువమంది ఆడపిల్లలే.

వచ్చే ఆదివారం వర్గీకరణ మీద కూర్చుంటున్నాం. 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు తీర్పు వచ్చినప్పటి నుంచి చూస్తున్నాను. మాల పిల్లలు, మాదిగ పిల్లలు ఒకే గదిలో పక్కపక్కన కూర్చుని, ఎవరి మాట వాళ్లు మింగేసి, బయటికొచ్చి వేరువేరు గుంపుల్లో మాట్లాడుకుంటున్నారు. నా అభిప్రాయం మీకు తెలుసు, ఇదివరకే రాశాను. దాన్ని ఒప్పుకోనివాళ్లు తప్పకుండా రండి. మీ ఊరి లెక్కలు తెండి: మీ వాడలో ఎంతమంది డిగ్రీ దాటారు, ఎవరికి ఉద్యోగం వచ్చింది, ఏ ఇంట్లో ఇంకా ఎవరూ బడికి పోలేదు. రెండు లైన్లు చాలు. నాతో విభేదించే చీటీలే ముందు చదువుతాను.