చిక్కడపల్లిలో పడవచెక్క

చిక్కడపల్లి యనగానే హైదరాబాదువారికి వేంకటేశ్వరస్వామి గుడియు, త్యాగరాయ గానసభయు జ్ఞప్తికి వచ్చును. పరీక్షలకు చదువుకొను పిల్లలకు నగర కేంద్ర గ్రంథాలయము జ్ఞప్తికి వచ్చును. నాకు మాత్రము ఈ నడుమ ఆ పేట పేరు వినినప్పుడెల్ల ఒక చెక్కపలక కన్నులయెదుట నిలుచుచున్నది. అది పడవలకొఱకు పుట్టిన చెక్క. అట్టిది ఇరుకు సందులోని ఇంటికి ఎట్లు చేరినదో సోదరీమణులకు విన్నవింతును.

గడచిన వర్షాకాలమున మా పెద్దమ్మను చూడబోయితిని. ఆమెకు డెబ్బది యెనిమిదేండ్లు. అశోక్‌నగరులోని పాత ఇంటిలో ఒంటరిగా నుండును. చిక్కడపల్లి మెట్రో స్టేషనులో దిగి, పెద్దబాట విడిచి సందులలోనికి నడచితిని. జిరాక్సు దుకాణములు, హాస్టళ్ల బోర్డులు, ఒడిలో పుస్తకములు పెట్టుకొని అరుగులమీద చదువుకొను యువతీయువకులు. ఎన్నెన్ని ఊళ్ల బిడ్డలో ఉద్యోగముల ఆశతో ఇచట దినములు గడుపుచున్నారు! వారిని దాటి పోగా నాలావైపు దిగు బాట వచ్చును.

హుసేన్‌సాగరు మిగులునీటిని మూసీనదికి గొనిపోవు నాలా యిది. ఇబ్రహీం కుతుబ్‌షా కాలమున, పదునాఱవ శతాబ్దిలో కట్టిన ఆ చెఱువు నిండినప్పుడు, దోమలగూడ, అశోక్‌నగరు, నల్లకుంట ప్రాంతములవారి గుండెలు కొట్టుకొనును. 2000 ఆగస్టు 24వ తేదీన ఒక్క దినమున సుమారు 24 సెంటీమీటర్ల వాన కురిసి, ఈ పేటల ఇండ్లలోనికి వరద చొచ్చెను. పెద్దమ్మ ఇంటిలో నీరు మంచపు పట్టెలవఱకు వచ్చెనట. ఆ గుర్తును ఆమె నేటికిని గోడపై వ్రేలితో చూపును. కాని ఆ నీరు వచ్చినట్లే పోయెను, అందఱును చూచిరి, అందఱును వచ్చి సాయపడిరి. నేను చెప్పబోవు నీరు అట్టిది కాదు. అది చుక్కచుక్కగా వచ్చినది.

పెద్దమ్మకు మోకాళ్ల నొప్పులు. తెల్లవారుజామున స్నానపుగదిలో వాష్‌బేసిన్ గట్టుపై రెండు చేతులు ఆనించి, నడుము నిలుపుకొని, అటుపిమ్మట ముఖము కడుగుకొనుట ఆమె అలవాటు. నేనున్న మఱునాటి యుదయమున ఆ గట్టు కిఱ్ఱుమని లోనికి క్రుంగెను. నేను ప్రక్కనే యుండి పట్టుకొంటిని గనుక సరిపోయెను.

గట్టు క్రింది అలమర తలుపు తెఱచితిని. ముక్కవాసన గుప్పున కొట్టెను. చెక్క ఉబ్బి, పొరలు విడి, నల్లబడియుండెను. కుళాయి మొదటికి మడతపెట్టిన పాతగుడ్డ చుట్టియున్నది. దాని క్రింద ఒక స్టీలుగిన్నె. అందు సగము నీరు.

“ఎప్పటినుంచి పెద్దమ్మా యిది?”

“సంక్రాంతి నుంచి.”

“అన్నయ్యతో చెప్పలేదా?”

“చెప్తే ఏమంటడు? ఇల్లు పాతదైంది, అమ్మేద్దాం, ఫ్లాటుకు వచ్చెయ్యి అంటడు. ఒక్క గిన్నెతో పోయేదానికి ఇల్లు పోగొట్టుకోవాల్నా?”

నాకు మాట రాలేదు. నారాయణగూడ బాలికల పాఠశాలకు నడచిపోయిన నాటినుండి ఈ వీథులు తప్ప వేఱెఱుగని మనిషి ఆమె. ప్రతిరాత్రియు ఆ గిన్నెను పాఱబోసి, మరల పెట్టి, ఎవ్వరికిని తెలియకుండ ఎనిమిది నెలలు గడపినది.

వీథి చివర నుండు వడ్రంగిని పిలిపించితిని. అతడు ఉలితో తట్టగానే చెక్క తడిసిన బిస్కత్తువలె రాలెను. పైనున్న మైకా మాత్రము నిగనిగలాడుచునే యున్నది. “పైనుంచి చూస్తే ఎట్ల తెలుస్తదమ్మా? నీళ్లు మొఖం మీదికెళ్లి పోవు. కుళాయి బెజ్జంల నుంచి, గోడ దిక్కు అంచు నుంచి పోతయి” అని యతడు చూపెను.

గ్రానైటు వేయుదమా యని యడిగితిని. ముప్పాతిక అంగుళము మందమున్న గ్రానైటు చదరపు అడుగునకు నాలుగున్నర కిలోలకు తక్కువ తూగదు. మూడడుగుల గట్టునకు పాతిక కిలోలు దాటును. ఆ గట్టు ఆనుకొన్నది అర ఇటుక అడ్డుగోడ. అతడు తల అడ్డముగా ఊపెను. చెక్కయే మేలని నిశ్చయించి, ఇరువురమును నారాయణగూడవైపు ప్లైవుడ్ దుకాణమునకు పోయితిమి.

అచట నొక పలకమీద ‘మెరైన్’ అనియు, ‘ఐ.ఎస్. 710’ అనియు ముద్రలుండెను. సముద్రము లేని ఊర సముద్రపు చెక్క యేల యని నవ్వితిని. ఇది పడవలకై యేర్పడిన రకమని దుకాణదారు చెప్పెను. మామూలు ప్లైవుడ్‌లో పొరలనంటించు జిగురు తడికి విడిపోవును. దీనిలో ఫినాల్ జిగురు వాడుదురు. డెబ్బదిరెండు గంటలు మరుగు నీటిలో నుంచినను పొరలు విడిపోరాదని నియమము. అయినను జిగురు విడదన్నంతమాత్రమున చెక్క కుళ్లదని కాదు. అంచులు మూయకున్న ఇదియు తడి త్రాగును.

వడ్రంగి పలకతో మరలెను. నేను ట్యాంక్‌బండువఱకు నడచితిని. హుసేన్‌సాగరుపై తెరచాపలు నాలుగైదు గాలికి వాలి పోవుచుండెను. ఈ చెఱువుపై వర్షాకాలమున తెరచాపపడవల పోటీలు జరుగును. అవి ఒకరిద్దఱు పట్టు చిన్న పడవలు; వానిలో గదులుండవు. సముద్రములు దాటు పడవలలో మాత్రము వంటగది, స్నానపుగది, బేసిన్ గట్టు అన్నియు నుండును. అట్టి ‘తారిణి’ యను పడవలో 2017 సెప్టెంబరు 10న మన నౌకాదళపు స్త్రీలు ఆఱుగురు గోవానుండి బయలుదేరి, భూమిని చుట్టి, 2018 మే 21న తిరిగివచ్చిరి. వారిలో విశాఖపట్టణపు పి. స్వాతియు, హైదరాబాదు పిల్ల బొడ్డపాటి ఐశ్వర్యయు మన తెలుగువారు. సుమారు 55 అడుగుల పడవ. 254 దినముల యాత్ర. హిందూమహాసముద్రమున చుక్కాని యంత్రము చెడగా మారిషస్‌లో ఆగి బాగుచేయించుకొనిరి. ఆగవలసి వచ్చెనని వారు చిన్నబోలేదు, చెడినదానిని దాచలేదు. పడవలో ఒకరు దాచిన తడి అందఱిని ముంచునుగదా!

పడవలవారు చెక్కకు బెజ్జము వేయు పద్ధతి యొకటి కలదు. కావలసినదానికంటె పెద్ద బెజ్జము చేసి, దానిని ఎపాక్సీతో నింపి, అది గట్టిపడిన తరువాత నడుమ మరల చిన్న బెజ్జము వేయుదురు. అప్పుడు నీరు దిగినను చెక్కను తాకదు. మఱునాడు ఈ మాట చెప్పగా వడ్రంగి యొక క్షణము ఆలోచించి, “మంచి ఉపాయమే, చేద్దాం” అనెను. అట్టపెట్టె విప్పి పాతగట్టు కొలత గీసికొనెను. పలకను కోసి, నాలుగంచులకును, అడుగునకును ఎపాక్సీ రెండుసార్లు పూసి ఆరనిచ్చెను. బెజ్జములను పడవల పద్ధతినే వేసెను. పైన మైకా అంటించి, గోడ అంచున సిలికాన్ నింపెను. ప్లంబరు కుళాయి మార్చెను. పెద్దమ్మ ఇకపై గట్టును పట్టుకొనక్కఱలేకుండ, బలమైన బయటిగోడకు స్టీలు కడ్డీ నొకటి బిగించితిమి.

సోదరీమణులారా, నెలకొకసారి మీ బేసిన్ గట్టు అడుగున బొటనవ్రేలితో నొక్కి చూడుడు. మెత్తబడినను, గోడ అంచున నల్లని చార కనబడినను, గుడ్డచుట్టి ఊరకుండకుడు. మైకా నిగనిగను నమ్మకుడు.

ఊరికి మరలుటకు ముందు, అన్నయ్యకు తానే చెప్పుమని పెద్దమ్మను బతిమాలితిని. ఆమె చాలసేపు ఫోను చేతబట్టుకొని కూర్చుండి, తుదకు చెప్పెను. అవతల కొంత మౌనము. పిమ్మట అతడు, “గిన్నె ఎన్ని రోజులనుంచి పెట్టినవమ్మా?” అని మాత్ర మడిగెనట. ఆ యాదివారము వచ్చి, నేలపై కూర్చుండి, అలమరలోనికి చాలసేపు చూచెనట. ఇల్లు అమ్ముమాట ఆనాడు ఎత్తలేదట. మరల ఎత్తడని ఆమెయు అనుకొనుట లేదు. కాని ఎత్తినప్పుడు తన మాట తాను చెప్పుదు ననుచున్నది.

స్టీలుగిన్నె వంటింటికి చేరెను. అలమర తలుపును మాత్రము ఆమె పగలెల్ల తెఱచియే యుంచుచున్నది, లోపలికి గాలి తగులవలెనని.