అత్తయ్యకు ఒక అర

మా అత్తయ్య తెనాలి ఇల్లు ఖాళీ చేసి మా దగ్గరికి వచ్చేస్తున్నారని సంక్రాంతి వెళ్లాక ఖాయమైంది. మామయ్యగారు పోయాక రెండేళ్లు ఒక్కరే ఉన్నారు. ఆవిడకి 78 ఏళ్లు. మోకాళ్లు మొరాయిస్తున్నాయి. రాక తప్పదని ఆవిడకీ తెలుసు, మాకూ తెలుసు. ఫోన్లో ఆవిడ అడిగింది మాత్రం ఒక్కటే. "నాకేం పెద్ద సామానుందని అమ్మాయ్! బీరువాలో ఒక అర ఇవ్వు చాలు. సర్దుకుంటాను."

మన భాషలో ఈ 'సర్దుకోవడం' అనే మాట గమ్మత్తైనది. బట్టలు సర్దుకోవడమూ అదే, మనసుకి నచ్చకపోయినా నోరు మూసుకుని ఉండడమూ అదే. ఆవిడ ఏ అర్థంలో అన్నారో నాకు తెలుసు. తెనాలిలో ఆవిడకి నిలువెత్తు గోద్రెజ్ బీరువా ఉంది. తలుపుకి అద్దం, లోపల లాకరు, లాకరులో ఇంకో చిన్న సొరుగు. నలభై ఏళ్ల పైన ఆ తాళాల గుత్తి ఆవిడ నడుముకే ఉంది. మా నాలుగో అంతస్తు లిఫ్టులో ఆ బీరువా పట్టదు, పట్టినా పెట్టడానికి మా చిన్న బెడ్‌రూమ్‌లో గోడ లేదు. అది విజయవాడలో మా ఆడపడుచు ఇంటికి వెళ్లింది. బదులుగా మేం ఇవ్వగలిగింది గోడకి బిగించిన వార్డ్‌రోబ్‌లో కాస్త చోటు. ఆ చోటెక్కడ?

కూకట్‌పల్లిలో రెండు బెడ్‌రూముల ఇల్లంటే మీకు తెలియంది కాదు. మా అమ్మాయి ఉద్యోగానికి బెంగళూరు వెళ్లాక దాని గదిలో వార్డ్‌రోబ్ ఊరందరి ఉమ్మడి ఆస్తి అయింది. ఇంట్లో ఎక్కడా చోటు దొరకనిదల్లా అందులోకే. ఆరడుగుల వెడల్పు, ఏడడుగుల ఎత్తు, రెండడుగుల లోతు. మూడు తలుపులు. ఎడమ తలుపు వెనక హ్యాంగర్ల రాడ్డు, మధ్యలో అయిదు అరలు, కుడివైపు మూడు అరలు, వాటి కింద రెండు సొరుగులు. పైన అటక. లెక్కకి బోలెడు చోటు. తలుపు తీస్తే మాత్రం ఏదో ఒకటి నెత్తిన పడేది.

ఒక ఆదివారం పొద్దున్నే మొత్తం తీసి మంచం మీద పోశాం. మంచం చాలక నేల మీదా పోశాం. అమ్మాయి పదో తరగతి రికార్డు పుస్తకాలు, పాత ఇంటి కర్టెన్లు (ఈ ఇంటి కిటికీలకి పొట్టి), మా ఆయన పెళ్లి సూటు, మూడు రగ్గులు, తాడు తెగిన లంగాలు, అసలు ఎవరివో తెలియని రెండు దిండు గలీబులు. వీటన్నిటినీ మించిన రాశి పెట్టుబడి చీరలది.

పెట్టుబడి చీరల గురించి కాస్త చెప్పాలి. పెళ్లిళ్లకీ గృహప్రవేశాలకీ సీమంతాలకీ మనకి పెట్టినవి, మనం కట్టనివి, మళ్లీ ఇంకొకరికి పెట్టబోయేవి. నా దగ్గర లెక్కేస్తే 23 తేలాయి. ప్రతిదానికీ ఎవరు, ఎప్పుడు పెట్టారో చీటీ గుచ్చి ఉంటుంది. పెట్టినవాళ్లకే తిరిగి పెట్టే ప్రమాదం ఉంది మరి. జపాన్ నుంచి మేరీ కోండో అనే ఆవిడ వచ్చి, ప్రతి వస్తువునీ చేతిలోకి తీసుకో, సంతోషం కలిగితే ఉంచు, లేకపోతే వదిలెయ్ అని ప్రపంచానికంతా చెప్పింది. మంచి మాటే. కానీ పెట్టుబడి చీర మనకి సంతోషం కలిగించడానికి పుట్టింది కాదు. అది రేపటి పేరంటానికి తీర్చాల్సిన బాకీ. కోండోగారికి ఈ ఖాతా ఉన్నట్టు లేదు.

అయినా బాకీకి ఇంత చోటెందుకు? చీరల షాపు వాళ్లిచ్చిన అట్టపెట్టెల్లోంచీ జిప్పు కవర్లలోంచీ వాటిని బయటికి తీసేసరికి రాశి ఇంచుమించు సగమైంది. గాలిని దాచుకుంటున్నామన్నమాట ఇన్నాళ్లూ. ఎనిమిది చీరలు చెల్లెలి కూతురి పెళ్లికి వెళ్లిపోయాయి. మిగిలిన పదిహేనూ ఒక చిన్న సూట్‌కేసులో అటకెక్కాయి, చీటీలతో సహా. ఖాళీ సూట్‌కేసంటే ఖాళీ అరే కదా, దాన్ని అలా ఊరికే పైన పెట్టడం నాకు నచ్చదు. పెద్ద సూట్‌కేసులో రగ్గులు పెట్టాం. గాలి పీల్చేసే ప్లాస్టిక్ సంచులు రగ్గులకీ దిండ్లకీ బాగానే పనిచేస్తాయి. పట్టుచీరల జోలికి మాత్రం వాటిని తీసుకెళ్లకండి. ఆ నొక్కుడుకి పడ్డ మడత మళ్లీ లేవదు.

మా ఆయన చొక్కాలు 31. కట్టుకునేవి ఆరో ఏడో. మిగిలినవాటి గురించి అడిగితే "సన్నబడతాను" అన్నారు. ఆ ఆశని నేనెందుకు తుంచాలి? వాటికి వేరే దారి చూశాను. రాడ్డు ఐదున్నర అడుగుల ఎత్తులో ఉంది. చొక్కా హ్యాంగర్‌తో కలిపి మూడడుగులకి మించి వేలాడదు. అంటే కింద రెండడుగుల పైచిలుకు చోటు ఊరికే పోతోంది. కార్పెంటర్‌ని పిలిచి ఆ రాడ్డుని ఆరున్నర అడుగులకి ఎత్తించి, కింద మూడుంపావు అడుగుల దగ్గర ఇంకో రాడ్డు వేయించాను. ఒకే తలుపు వెనక రెండు వరసలు. పై వరసలో సన్నబడ్డాక వేసుకునేవి, కింది వరసలో ఇప్పటివి.

ఆ కార్పెంటర్ మొత్తం పీకేసి కొత్తది చేస్తానని కాగితం మీద బొమ్మ గీసి, కింద అంకె కూడా వేశాడు. ఆ అంకె చూశాక బొమ్మ నచ్చలేదు. రెండు పలకలు, ఒక రాడ్డు, ఒక తాళం చాలన్నాం. తాళం సంగతి తర్వాత చెబుతాను.

పలకలు ఎందుకంటే, మన వార్డ్‌రోబ్‌ల అరలు చీరల కోసం చేసినవి కావు. అరకీ అరకీ మధ్య పదహారు అంగుళాల ఎడం. చీరల దొంతర ఎనిమిదో తొమ్మిదో అంగుళాలు దాటిందంటే, మధ్యలోంచి ఒకటి లాగగానే కూలుతుంది. కూలకూడదని తక్కువ పెడితే పైన చోటు వృథా. అందుకే మధ్యలో ఒక పలక అడ్డంగా వేస్తే ఒక అర రెండవుతుంది. ఇక లోతు సంగతి. మామూలు చీర ఐదున్నర మీటర్లు, పన్నా నలభై అయిదు నలభై ఆరు అంగుళాలు. మడిచాక ఇంచుమించు అడుగు. రెండడుగుల లోతున్న అరలో ముందొక దొంతర, వెనకొకటి. వెనకది చీకట్లోకి పోయినట్టే. కట్టని చీరలు చాలావరకు నచ్చనివి కాదు, కనబడనివి.

గంజి పెట్టిన నేత చీరలని ఇంకో మడత ఎక్కువ వేసి, పుస్తకాల్లా నిలబెట్టాను. అడుగున లోతైన ప్లాస్టిక్ ట్రే. ట్రేని సొరుగులా ముందుకి లాగితే అంచులన్నీ కనిపిస్తాయి. ఒక ట్రేలో పదహారు పట్టాయి. మంగళగిరి, వెంకటగిరి చీరలు సైనికుల్లా నిలబడతాయి. పట్టువి, షిఫాన్‌లు జారిపోతాయి, వాటికి ఈ పద్ధతి వద్దు. జరీ బరువున్న పట్టుచీరని హ్యాంగర్‌కి వేలాడదీయడమూ వద్దు, బరువుకి బట్ట సాగుతుంది. పాత పంచె గుడ్డలో చుట్టి పడుకోబెట్టడమే మేలు. మూడు నాలుగు నెలలకోసారి విప్పి, నీడలో కాసేపు ఆరేసి, మడత మార్చి పెట్టాలి. లేదంటే జరీ అదే మడత మీద విరుగుతుంది.

కలరా ఉండలు వేసేవాళ్లు గుడ్డలో మూటకట్టి ఒక మూల పెట్టండి, జరీకి తగలనివ్వకండి. ఇంట్లో పసిపిల్లలుంటే అసలు వాడకపోవడమే మంచిది. జీ6పీడీ అనే ఎంజైము లోపం ఉన్న బిడ్డలకి, ఆ ఉండల్లో దాచిన బట్టలు తొడిగితే ఎర్ర రక్తకణాలు చితికిపోయే ప్రమాదం ఉంది. మా అత్తయ్యకి మొదట్నుంచీ ఎండబెట్టిన వేపాకే. ఆ వాసన నాకూ ఇష్టం.

ఇదంతా అయ్యేసరికి మూడు అరలు ఖాళీ అయ్యాయి. అత్తయ్య అడిగింది ఒక్కటే కాబట్టి మిగిలిన రెండూ లాభం అనుకున్నారు మా ఆయన. "అమ్మకి అడుగు అర ఇద్దాం, పెద్దది" అన్నారు. కొలతల్లో నిజంగానే అది పెద్దది. కానీ ఆవిడ వంగలేరు. కుడి భుజం పట్టేసి ఏడాదైంది, చెయ్యి తల దాకా లేవదు. అటు వంగకుండా ఇటు చెయ్యెత్తకుండా తీసుకోవాలంటే నడుముకీ భుజానికీ మధ్యే ఉండాలి. ఆవిడ పొడుగు అయిదడుగుల లోపే. టేపు పెట్టి చూస్తే రెండున్నర అడుగుల నుంచి నాలుగడుగుల దాకా. మొత్తం వార్డ్‌రోబ్‌లో ఆ ఎత్తున కుదిరేది కుడివైపు కింది అర, దానికి ఆనుకునే ఉన్న పై సొరుగు. అందులో ఉన్నవి నా పట్టుచీరలు, నగల పెట్టె. ఎవరి వార్డ్‌రోబ్‌లోనైనా ఆ ఎత్తు ఇంటావిడదే. చెయ్యి చాపితే అందే చోటు ఎవరికిష్టం ఉండదు? నాకూ ఉంది. అయినా నేను స్టూలెక్కగలను. నావి పై అరకి మార్చాను. స్టూలొకటి కొన్నాం.

మరి తాళం? గోడ వార్డ్‌రోబ్‌లకి పేరుకే తాళాలుంటాయి. మా ఇంట్లో వాటి చెవులు ఎక్కడున్నాయో ఎవరికీ తెలియదు, అవసరమూ పడలేదు. అత్తయ్యకి మాత్రం తాళం అంటే దొంగల భయం కాదు. మామయ్యగారు జీతం తెచ్చి చేతికిస్తే దాచింది ఆ బీరువాలో. ఆడపడుచు పురుడుకి డబ్బు తీసింది అందులోంచే. ఎవరైనా ఏదైనా అడిగితే "ఉండు, చూస్తాను" అని లేచి, గుత్తి తీసి, టక్కుమని తిప్పే ఆ చప్పుడుకి ఇల్లంతా మాట్లాడకుండా నిలబడేది. కొత్త కోడలిగా నేనూ నిలబడ్డాను. అలాంటి మనిషికి తలుపు లాగితే తెరుచుకునే సొరుగు ఇచ్చి, అందులో మందులూ పెన్షన్ పుస్తకమూ పెట్టుకోమంటే ఎలా? పై సొరుగుకి తాళం బిగించమన్నాను. "ఇంట్లో ఉండేది ముగ్గురు, తాళం ఎవరికోసం?" అని మా ఆయన నవ్వారు. కార్పెంటర్ మాత్రం నవ్వలేదు. "మా అమ్మ కూడా అంతేనమ్మా" అని పని చూసుకున్నాడు.

అత్తయ్య మాఘమాసం చివర్లో వచ్చారు. ఒక సూట్‌కేసు, ఒక సంచి. కాళ్లు కడుక్కుని, కాఫీ తాగి, పాత పేపరొకటి అడిగారు. అర మీద పరిచి, మూలలు మడిచి, అప్పుడు మొదలుపెట్టారు. తొమ్మిది నేత చీరలు, రెండు పట్టువి, జాకెట్లు, రామకోటి పుస్తకం, మామయ్యగారి కండువా ఒకటి. అర ఇంకా పావు వంతు మిగిలింది. దాని వంక చూసి, "ఇది నువ్వు వాడుకో" అన్నారు. వద్దన్నాను. మర్నాటికి అక్కడ గుడ్డలో చుట్టిన వేపాకు ఉంది.

తర్వాత నా అరల వంతు వచ్చింది. పెట్టుబడి చీరల సూట్‌కేసు దింపించుకుని, చీటీలు చూడకుండానే ఏది ఎవరు పెట్టారో వరసగా చెప్పేశారు. రెండు చోట్ల నా చీటీ తప్పన్నారు. మా పెదమామగారింటికి ఫోన్ చేసి కనుక్కుంటే ఆవిడ మాటే నిజమైంది.

సొరుగు తాళం చూపించి, చెవులు రెండూ చేతిలో పెట్టాను. ఒకసారి వేసి తీశారు, మళ్లీ వేసి తీశారు. చప్పుడు చిన్నదే. ఒక చెవి పిన్నీసుకి తగిలించి నడుము దగ్గర గుచ్చుకున్నారు. "రెండోది ఎక్కడ పెడుతున్నావమ్మా, ఇది పోతే మాకు తెలియాలి కదా?" అని మా ఆయన అడిగారు.

"సొరుగులో పెట్టి తాళం వేశాన్రా" అన్నారు అత్తయ్య.