నీటి మీద పండే ధాన్యం

అమెరికా దేశానికి ఉత్తరపు అంచున మిన్నెసోటా అనే రాష్ట్రం ఉంది. అక్కడివాళ్ళు మోటారు కార్ల నంబరు పలకల మీద "పదివేల చెరువులు" అని రాసుకుంటారు. గొప్పలు చెప్పుకుంటున్నారనుకునేరు! నిజానికి తగ్గించే చెప్పారు. పది ఎకరాలకు పైబడ్డ చెరువులే అక్కడ 11,842 ఉన్నాయి.

మా పెద్దవాడు ఆ రాష్ట్రంలో ఉద్యోగం చేస్తున్నాడు. కిందటి సెప్టెంబరులో నేను వాడి దగ్గర ఉండగా, వాడితో పనిచేసే ఒకాయన, "మా అమ్మ ధాన్యం కొయ్యబోతున్నది. చూస్తారా?" అని అడిగాడు. నేను పల్లెటూరి బడిలో ముప్ఫయి నాలుగేళ్ళు పనిచేసినవాణ్ణి. కోతలు నాకు కొత్తా? సరే, చూద్దామని బయలుదేరాను.

నాలుగు గంటలు ఉత్తరానికి పోయి, అడవి మధ్య ఒక చెరువు గట్టున కారు దిగాము. ఎంత చూసినా పొలం కనిపించలేదు.

"ధాన్యం ఏదీ?" అన్నాను.

ఆయన చెరువును చూపించాడు. నీళ్ళలో మనిషెత్తు గడ్డి, లేత బంగారు రంగు కంకులతో గాలికి ఊగుతున్నది.

ఆ ప్రాంతం పేరు లీచ్ లేక్, అంటే జలగల చెరువు. (నేను కాళ్ళు తడుపుకోలేదు.) అక్కడ ఉండేవాళ్ళు ఓజిబ్వే జాతివాళ్ళు. తమ భాషలో తమను అనిషినాబే అని చెప్పుకుంటారు. పూర్వం వీళ్ళు తూర్పు సముద్రతీరాన ఉండేవాళ్ళట. "నీటి మీద ఆహారం పెరిగే చోటికి పోయి ఆగండి" అని వాళ్ళ పెద్దలకు ఒక వాక్కు వినిపించిందట. తరతరాలుగా పడమటికి నడిచి నడిచి, చివరకు ఈ చెరువుల దగ్గర ఆగారని వాళ్ళ కథ.

ఆ ఆహారమే మనూమిన్. ఇంగ్లీషువాళ్ళు దీన్ని "అడవి వరి" అన్నారు. ఇది మన వరి కాదు గాని, వరికి దాయాది. దీనికి దుక్కి లేదు, నాట్లు లేవు. మోకాలిలోతు నీటిలోనూ, మొలలోతు నీటిలోనూ బురదలోంచి తనంతట తానే మొలుస్తుంది. పండిన గింజ రాలి, మునిగి, బురదలో దిగబడుతుంది. మంచుగడ్డ కింద చల్లటి నీటిలో మూడు నాలుగు నెలలు నిద్రపోతేనేగాని వసంతంలో మొలకెత్తదు. అందుకే మన ఊరి చెరువులో చల్లితే ఇది పండదు. నీటి మట్టం కొంచెం మారినా దీనికి కష్టమే. 1880ల నుంచి మిస్సిసిపీ నది ఎగువన ఆనకట్టలు కట్టినప్పుడు ఈ చెరువుల్లో నీరు పైకి లేచి, ఓజిబ్వేల పంట ఎంతో మునిగిపోయింది.

గట్టున ఒక ముసలమ్మ, పదమూడేళ్ళ మనవడు దోనె సిద్ధం చేస్తున్నారు. ఆ కుర్రవాడు మా స్నేహితుడి అక్క కొడుకు. అమ్మమ్మ దగ్గరే ఉంటాడు. వాడు ఆమెను "నోకోమిస్" అంటాడు. అమ్మమ్మకూ నాయనమ్మకూ వాళ్ళ భాషలో అదొకటే మాట. దోనె ఎక్కబోయే ముందు ఆమె చిటికెడు పొగాకు నీటిలో విడిచి, మనవడి చేత కూడా విడిపించింది. అడగకుండా తీసుకోకూడదట!

కుర్రవాడు నిలబడి, చివర పంగ ఉన్న పొడుగాటి గడతో దోనెను నెట్టాడు. పంగ ఉంటే గడ వేళ్ళను చీల్చకుండా బురద మీద నిలుస్తుంది. అమ్మమ్మ కూర్చుని, రెండు చేతుల్లో రెండు తేలిక కర్రలు పట్టుకుని, ఒక కర్రతో కంకులను దోనె మీదికి వంచుతూ రెండోదానితో వాటిని తట్టింది. కర్ర 30 అంగుళాల పొడవు, ఒక పౌను బరువు మించకూడదని ఆ రాష్ట్రపు చట్టం. బాదితే కాడ విరుగుతుంది. తడితే పండిన గింజలు మాత్రమే రాలుతాయి. పచ్చివి నాలుగు రోజులు పోయాక వచ్చేవాళ్ళ కోసం ఉంటాయి. దోనెలో పడనివి నీళ్ళలో పడి వచ్చే ఏటి విత్తనం అవుతాయి.

కొంతసేపటికి కుర్రవాడు కర్రలు తనకిమ్మని అడిగాడు కాబోలు, ఇద్దరూ చోట్లు మారారు. వాడు ఉత్సాహం కొద్దీ నాలుగు దెబ్బలు గట్టిగా వేశాడు. అమ్మమ్మ కేకలెయ్యలేదు. దోనె ఆపి, విరిగిన కంకి ఒకటి తీసి వాడి ఒళ్ళో పెట్టి, ఏదో నెమ్మదిగా చెప్పింది. ఆ తరవాత వాడి కర్రల చప్పుడు గట్టుకు వినిపించనేలేదు.

"ఏమన్నది?" అని మా స్నేహితుణ్ణి అడిగాను.

ఆయన కొంచెం సిగ్గుపడి, "నాకు సగమే అర్థమవుతుంది," అన్నాడు.

తరవాత సంగతి చెప్పాడు. 1879లో పెన్సిల్వేనియాలోని కార్లైల్ అనే ఊళ్ళో ప్రభుత్వం ఒక బడి పెట్టింది. అటువంటివి తరవాత దేశమంతటా వచ్చాయి. ఆదివాసుల పిల్లలను ఇళ్ళ నుంచి దూరంగా తీసుకుపోయి, జుట్టు కత్తిరించి, పేర్లు మార్చి, సొంత భాష మాట్లాడితే దండించేవాళ్ళు. ఆ ముసలమ్మ తల్లి అలాంటి బడిలోనే చదివింది. ఇంటికి తిరిగి వచ్చాక తన పిల్లల దగ్గర ఒక్క ఓజిబ్వే మాట కూడా పలకలేదట, వాళ్ళకూ దెబ్బలు తప్పవేమోనన్న భయం కొద్దీ! ఈమెకు భాషా, కోతా రెండూ నేర్పింది ఈమె అమ్మమ్మ. మా స్నేహితుడు పట్నంలో పెరిగాడు. ఆయనకు ఎవరూ నేర్పలేదు. ఇప్పుడు మళ్ళీ మనవడికి అమ్మమ్మే నేర్పుతున్నది. ఆ బళ్ళ విషయమై 2024 అక్టోబరులో అమెరికా అధ్యక్షుడు క్షమాపణ చెప్పాడు.

నేను ఏమీ అనలేకపోయాను. నా తరగతికి కొండగూడేల నుంచి కోయపిల్లలు వచ్చేవాళ్ళు. తమలో తాము ఇంటిభాష మాట్లాడుకుంటే, "తెలుగులో చెప్పండిరా!" అని బల్ల మీద బెత్తంతో కొట్టిన రోజులున్నాయి. వాళ్ళ మేలు కోరే కొట్టాననుకున్నాను. వాళ్ళు ఇంటికి పోయి అవ్వలతో ఏ భాషలో మాట్లాడారో నేనెన్నడూ అడగలేదు.

మధ్యాహ్నానికి దోనె గట్టు చేరింది. పచ్చి గింజలను ఆరబోసి, ముందే కోసి ఆరబెట్టిన వాటిని ఇనప బానలో వేసి, తెడ్డుతో తిప్పుతూ వేయించారు. కుర్రవాడు మెత్తటి తోలు చెప్పులు తొడుక్కుని, చిన్న గుంటలో పోసిన గింజల మీద గంతులేస్తూ తొక్కాడు. పొట్టు వదిలాక చెరగటానికి అమ్మమ్మ చేట తెచ్చింది. భోజపత్రం లాంటి చెట్టుబెరడుతో కుట్టిన చేట! దాన్ని చూడగానే నాకు ప్రాణం లేచివచ్చి, నేను చెరుగుతానన్నాను. గాలివాటం చూసుకోకపోవటంతో పొట్టంతా నా కళ్ళజోడు మీదికే వచ్చింది. కుర్రవాడు పకపకా నవ్వి, నన్ను భుజాలు పట్టుకుని అటు తిప్పి నిలబెట్టాడు.

వచ్చేటప్పుడు ముసలమ్మ ఒక సంచీలో గింజలు పోసి ఇచ్చింది. వాళ్ళ భాషలో కృతజ్ఞత చెప్పాలని, "మిగ్విచ్" అన్నాను.

"కాదు, మీగ్వెచ్," అన్నాడు కుర్రవాడు.

మళ్ళీ అన్నాను. వాడు తల అడ్డంగా ఊపాడు. మూడోసారి అనిపించి, తన అమ్మమ్మ వైపు చూశాడు. ఆమె సరేనన్నట్టు తల ఊపాక గాని నన్ను కారెక్కనివ్వలేదు.