ఆక్సిజన్ అడిగాను, షుగర్ అడగలేదు

2021 మే నెలలో ఒక సాయంత్రం నా బాల్యమిత్రుడు ఫోను చేశాడు. అరవై ఆరేళ్ల మనిషి, పదిహేనేళ్లుగా మధుమేహం, దానికి తోడు రక్తపోటు. కరోనా పరీక్షలో పాజిటివ్ వచ్చిందన్నాడు. ఆ రోజుల్లో ఆసుపత్రిలో పడక దొరకడం ఎంత దుర్లభమో మీకు గుర్తుండే ఉంటుంది. ఇంట్లోనే ఉండి పల్స్ ఆక్సీమీటరుతో చూసుకొమ్మన్నాను. పది రోజులపాటు పూటపూటా మాట్లాడుకున్నాం. జ్వరం ఎంత, ఆయాసం ఉందా, ఆక్సిజన్ ఎంత అని ప్రతిసారీ అడిగాను. షుగర్ ఎంత ఉందని ఒక్కసారీ అడగలేదు. ముప్పై ఏడేళ్లు వైద్యం చేసినవాడిని.

మధుమేహం ఉన్నవారి ప్రమాదం వైరస్ సోకడంలో కంటె, సోకిన తరువాత జబ్బు ముదరడంలో ఉంది. రక్తంలో చక్కెర దీర్ఘకాలం అధికంగా ఉంటే, సూక్ష్మజీవులతో పోరాడవలసిన తెల్లకణాలు చురుకుదనం కోల్పోతాయి. సన్నని రక్తనాళాల లోపొర అప్పటికే దెబ్బతిని ఉంటుంది. కరోనా కూడా ఆ పొరనే బాధించి, రక్తం గడ్డలు కట్టేటట్లు చేస్తుంది. గుండెజబ్బు, మూత్రపిండాల జబ్బు ఉన్నవారి పరిస్థితీ ఇంచుమించు ఇంతే. పైగా ఏ జ్వరం వచ్చినా శరీరం విడుదల చేసే హార్మోనులు చక్కెరను పెంచుతాయి. తిండి సగానికి తగ్గినా షుగర్ పెరగడానికి కారణం అదే.

దీనికి స్టిరాయిడ్ తోడయితే ఏమవుతుందో చెప్తాను. డెక్సామెథసోన్ రోజుకు 6 మిల్లీగ్రాముల చొప్పున, గరిష్ఠంగా పది రోజులు ఇస్తే, ఆక్సిజన్ అవసరమైన కరోనా రోగులలో మరణాలు తగ్గాయని 2020 జూన్‌లో ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు వెల్లడించారు. ఆక్సిజన్ అవసరం లేనివారికి దానివల్ల మేలు కనబడలేదని కూడా వారే చెప్పారు. మొదటి మాట మన వీధులకు చేరింది, రెండవది చేరలేదు. మందుల చీటీలు వాట్సాప్‌లో ఇల్లిల్లూ తిరిగాయి.

అటువంటి చీటీ ఒకటి నా మిత్రునికీ అందింది. మూడవ రోజు నుంచే స్టిరాయిడ్ మాత్రలు మొదలుపెట్టాడు. నాకు చెప్పలేదు. ఏయే మందులు వేసుకుంటున్నావని నేనూ అడగలేదు. ఆక్సిజన్ 96కు తగ్గలేదు గనుక గండం గడిచిందనుకున్నాం. రెండు వారాలయ్యాక ఎడమ చెంప మొద్దుబారిందని, కన్ను వాచిందని వాళ్ల అమ్మాయి ఫోను చేసింది. ఆసుపత్రికి తీసుకువెళ్లేసరికి షుగర్ 480.

అది మ్యూకోర్‌మైకోసిస్, మీరు బ్లాక్ ఫంగస్‌గా విన్న జబ్బు. నిజానికి ఆ శిలీంధ్రం నల్లనిది కాదు. అది రక్తనాళాలలోకి చొరబడి వాటిని మూసివేయడం వల్ల చచ్చిపోయిన కణజాలం నల్లబడుతుంది. దాని బీజాలు మట్టిలో, కుళ్లిన ఆకుల్లో, మనం పీల్చే గాలిలో ఎప్పుడూ ఉంటాయి. ఆరోగ్యవంతులను ఏమీ చేయవు. చక్కెర అదుపు తప్పి, స్టిరాయిడ్‌తో రోగనిరోధక శక్తి అణగినవారి ముక్కులో మాత్రం వేళ్లూనుకుంటాయి. ఆ మే నెలలోనే తెలంగాణ ప్రభుత్వం ఈ జబ్బు ప్రతి కేసునూ తప్పక తెలియజేయాలని ఆదేశించి, హైదరాబాదు కోఠీలోని ఈఎన్‌టీ ఆసుపత్రిని దీని చికిత్సకు కేటాయించింది. ఆంఫోటెరిసిన్ ఇంజక్షన్ల కోసం జనం ఊరూరా తిరిగారు. నా మిత్రుడు బతికాడు. ఎడమ కన్ను తీసివేయవలసి వచ్చింది.

కరోనా ఇప్పుడు మునుపటంత భయపెట్టకపోయినా పోలేదు. మీకు మధుమేహం ఉంటే, ఏ జ్వరం వచ్చినా గ్లూకోమీటరుతో రోజుకు మూడు నాలుగుసార్లు చూసుకోండి. తినడం లేదని ఇన్సులిన్ మీ అంతట మీరు మానవద్దు; మోతాదు ఎంతో వైద్యుణ్ణి అడగండి. వాంతులు, విరేచనాలు అవుతుంటే మెట్‌ఫార్మిన్, పేరు చివర గ్లిఫ్లోజిన్ అని ఉండే మాత్రలు కొన్నాళ్లు ఆపవలసి రావచ్చు, అదీ అడిగే చేయండి. రక్తపోటు మాత్రలు కరోనాను ముదిరిస్తాయని 2020లో వదంతి పుట్టి చాలామంది మానేశారు. ఆ భయం నిరాధారమని తరువాత తేలింది. ఆక్సిజన్ 94 కంటె తగ్గితే ఆయాసం లేకపోయినా ఇంట్లో కూర్చోవద్దు. ఒకవైపే ముక్కు దిబ్బడ, నల్లని స్రావం, చెంప తిమ్మిరి, పళ్లు కదలడం, ఒకటి రెండుగా కనబడడం, వీటిలో ఏది కనిపించినా మరునాటి వరకు ఆగవద్దు.

టీకా మాట కూడా చెప్పాలి. అరవై దాటినవారికి 2021 మార్చి 1 నుంచే టీకా ఇచ్చారు. "షుగర్ కాస్త తగ్గాక వేయించుకుంటాలే" అని నా మిత్రుడు వాయిదా వేశాడు. షుగర్ ఎక్కువగా ఉన్నవారికే అది ముందుగా కావాలని ఆనాడు గట్టిగా చెప్పి ఉండవలసింది. చెప్పాను, గట్టిగా చెప్పలేదు.

మొన్న చలికాలంలో అతనికి మళ్లీ జ్వరం వచ్చింది. ఫోను ఎత్తగానే, నేను పలకరించక ముందే, "పొద్దున 142, మధ్యాహ్నం 188, రాసుకోరా" అన్నాడు.