పాడేదెవరు?

వస్తువా, శిల్పమా అని మనం విమర్శలో నిత్యం తర్కించుకుంటాం. సోల్ గాయని జాకీ షేన్ పాట వింటే నాకు మూడో ప్రశ్న తోస్తుంది: పాడేదెవరు?

జాతివివక్షే చట్టమైన అమెరికా దక్షిణాదిన, నాష్‌విల్‌లో 1940లో పుట్టిన ఈ నల్లజాతి ట్రాన్స్‌జెండర్ స్త్రీ కెనడాలోని టొరాంటో చేరి గాయనిగా పేరు తెచ్చుకుంది. విలియం బెల్ రాసి పాడిన 'ఎనీ అదర్ వే' ఒక భగ్నప్రేమికుడి బింకం. 1962లో ఆమె గొంతులో అదే పాట 'నా బతుకు నాది' అన్న ప్రకటన అయింది. మరుసటి ఏడు టొరాంటో రేడియో జాబితాలో రెండో స్థానానికెక్కింది.

1971లో ఆమె వేదిక విడిచినా పాట శ్రోతలను విడువలేదు. 2017లో వెలువడిన సంకలనం గ్రామీ పురస్కారానికి నామినేషన్ పొందింది. 2019లో ఆమె కన్నుమూసింది.

చట్టం గుర్తించక ముందే ఒక మనిషి తన్ను తాను గుర్తించుకుని పాడింది, జనం విన్నారు. కళకు ఇంతకన్న ప్రయోజనం నేనెరుగను.